కొత్త తుపాకి మొదటి గుండు

మహబూబాబాద్, స్టేషన్ వెనుక కట్టెల అడితి
1950 ఫిబ్రవరి

అక్కకు సమ్మయ్య దండాలు.

నేనూ యాకమ్మా బాగున్నాం. ఇన్నాళ్లూ ఉత్తరం రాయలేదని తిడతావు, తెలుసు. తిట్టు కానీ, ముందు మొత్తం చదివి తిట్టు.

మా అడితి సేటు చందూలాల్ ఈ ఎండాకాలం భూపాలపల్లి అడవిలో టేకు కొట్టే గుత్త పట్టాడు. కూలీల మీద మేస్త్రీగా నన్ను పంపితే, పని ఆగిపోయి వెనక్కి వచ్చాను. అక్కడ ఒక పరేషాన్ వచ్చిపడింది. కమ్యూనిస్టు దళాలకు ఎవరూ గుప్పెడు గటక కూడా పెట్టకూడదని సర్కారువాళ్లు అడవిలోని చిన్న చిన్న గూడేలన్నీ ఖాళీ చేయించారు. జనాన్ని తెచ్చి ములుగు అవతలి ఘనపూర్ దగ్గర ముళ్లకంచె వేసిన క్యాంపులో పెట్టారు. గూడేల్లో గొడ్డూ గోదా లేకపోయేసరికి పులి క్యాంపు అంచుకు మరిగింది. మొదట దూడలను ఎత్తుకుపోయింది. ఇప్పుడు మనుషులను పట్టింది. కూలీలు గొడ్డళ్లు కింద పెట్టి, అడవిలోకి పోయేది లేదని కూర్చున్నారు.

అందుకని ఒక తుపాకి కొనాలి, పెద్ద జంతువును కొట్టే రకం. కంగారుపడకు, నాకు కాదు. కొని తెమ్మని నాకు చెప్పారు, అంతే. కాల్చేవాళ్లు వేరే ఉన్నారు. బావ పోయిననాడు తుపాకి ముట్టనని నీ చేతిలో చెయ్యి వేసి చెప్పాను. ఆ మాట మరిచిపోలేదు.

మన ఇంట్లో తుపాకి సంగతి తెలిసింది నీకే. బావ దొర గడిలో షికారిగా ఉన్నన్నాళ్లూ ఆ తుపాకులన్నీ ఇంటికి తెస్తే తుడిచి నూనె రాసింది నువ్వే కదా. ఏది కొనాలో చెప్పు. ఇక్కడ ఒక రైల్వే గార్డు రైఫిలు అమ్ముతున్నాడు. చేతిలోకి తీసుకుంటే పిట్టలా తేలికగా ఉంది. ఒకేసారి ఐదు తూటాలు పెట్టొచ్చు. మూడు వందల గజాలు పోతుందట. ఇంకా దూరం పోయేవి ఉంటాయా? ఐదుకంటే ఎక్కువ పట్టేవి దొరుకుతాయా? ముక్కలుగా విప్పి గోనెసంచిలో పెట్టుకునే వీలుంటుందా? దారిపొడవునా పోలీసు నాకాలే, ప్రతిచోటా బండి ఆపి గడ్డి కూడా కుళ్లగిస్తున్నారు.

తొందరగా రాయి.

నీ తమ్ముడు
సమ్మయ్య


జనగామ, ముసాఫిర్ బంగళా వంటిల్లు
ఫిబ్రవరి ఆఖరు

తమ్మీ సమ్మయ్యా,

ఇక్కడ అందరం బాగున్నాం అని రాద్దామంటే నేనొక్కదాన్నే ఉన్నాను. బాగానే ఉన్నాను, నీ ఉత్తరం వచ్చేదాకా. అది చదువుతుంటే పొయ్యి మీద పప్పు మాడింది. బంగళాలో దిగిన ఇంజనీరుకు ఆ మాడిన పప్పే పోశాను. పాపం, బాగుందన్నాడు.

పెద్ద జంతువుకు తుపాకి కావాలంటావు, మళ్లీ పిట్టలా తేలికగా ఉందంటావు. నీకు బుద్ధి ఎక్కడ పెట్టాడురా దేవుడు? సన్న గుండు పులి ఒంట్లోకి పోయి ఊరుకుంటుంది. పులి పడదు. ఆ నొప్పితో పొదలోకి పోయి కూర్చుంటుంది. తర్వాత దాన్ని వెతకడానికి ఎవడో ఒకడు పోవాలి. ఆ ఎవడో ఒకడు మీ బావ. దొర కొత్తగా తెప్పించుకున్న సన్న రైఫిలుతో కాల్చి, మంచె మీదనే కూర్చుని, "ఏం గాదు, సచ్చి ఉంటది, పోయి సూసి రాపో" అన్నాడు. మీ బావ పోయి చూశాడు. మిగిలిన ముచ్చట నీకు తెలుసు, ఆయనను నువ్వే కదా బండిలో తెచ్చావు.

అయినా అడిగావు కాబట్టి చెప్తున్నాను. పన్నెండు బోరు తుపాకి అడవిపందికి చాలు, పులికి చాలదు. పోలీసులు వాడే త్రీనాట్‌త్రీ తూటా పట్టే తుపాకి ఊరికే ఇచ్చినా వద్దు. దానికోసం పోలీసూ వస్తాడు, దళమూ వస్తుంది. ఎవరు ముందు వచ్చినా ఇంటాయన బతకడు. గడిలో ఒక పాత దునాలి రైఫిలు ఉంది. రెండు గొట్టాలు, రెండు మీటలు, పైన మీట నొక్కితే పడే రెండు ఘోడాలు. బొటనవేలంత లావు సీసం గుండు. బరువే, ఒప్పుకుంటాను. ఆ బరువే భుజానికి దెబ్బ తగలకుండా కాపాడుతుంది. ఒక గుండు తప్పితే చెయ్యి కదపకుండా రెండో మీట నొక్కొచ్చు. పులి దగ్గర మూడోదానికి సమయం దొరకదు, నీ ఐదు తూటాలు పెట్టుకుని ఏం చేస్తావు? దాని తూటా పోలీసు దగ్గరా లేదు, దళం దగ్గరా లేదు. అందుకని దాని జోలికి ఎవరూ రారు. పోలీస్ యాక్షన్ అయ్యాక దొర హైదరాబాదు నుంచి తిరిగి వచ్చాడు. అన్ని తుపాకులకు లైసెన్సు దొరకలేదని కొన్ని అమ్మేస్తున్నాడు. షికారి పెళ్లాన్ని, నేనడిగితే కాదనడు.

ఏ తుపాకి అయినా కొనేముందు కాల్చే మనిషి కళ్లు మూసుకుని భుజానికి ఎత్తుకోవాలి. కళ్లు తెరిచేసరికి గొట్టం చివరి మక్కీ చూపుకు నేరుగా నిలబడాలి. మెడ వంచి వెతుక్కోవాల్సి వస్తే ఆ తుపాకి ఆ మనిషిది కాదు.

ఆ మనిషి ఎవరు, సమ్మయ్యా?

నేను పొయ్యి దగ్గర కూర్చుని ఆలోచించాను. భూపాలపల్లి అడవిలో ముప్పై గజాల అవతల ఏమీ కనపడదు. పులిని మూడు వందల గజాల నుంచి ఎవడు కొడతాడు? ఐదు తూటాలు చాలవా పులికి? లైసెన్సు ఉంటే తుపాకిని విప్పి గోనెసంచిలో పెట్టడం ఎందుకు? నువ్వడిగినవేవీ పులి గురించి అడిగినట్టు లేవు.

ఇక్కడ బండి కొమురయ్యను గడ్డిమోపు కింద పాత నాటుతుపాకి దొరికిందని పట్టుకుపోయారు. ఎవరో పెట్టమంటే పెట్టాడట, వాళ్ల పేరు కూడా ఎరగడు. అతని పెళ్లాం రోజూ బంగళాకు వచ్చి, ఇంజనీరుతో చెప్పించమని నా కాళ్ల మీద పడుతోంది. ఇంకా రాయాలని ఉంది. ఉత్తరాలు విప్పి చదువుతున్నారంట, ఇక్కడితో ఆపుతున్నాను.

అక్క
కట్టమ్మ


మహబూబాబాద్
మార్చి

అక్కా,

పాదిరమ్మ బడిలో నీకు అక్షరాలు నేర్పినవాళ్లు తిట్లు కూడా నేర్పారా? యాకమ్మకు చదివి వినిపించాను. నవ్వీ నవ్వీ, "వదినె రాస్తలేదు, ఎదురుంగ నిలబడి మాట్లాడుతున్నది" అంది.

నువ్వు చెప్పినట్టే చేద్దాం. గార్డు రైఫిలు వద్దన్నాను. దొర దునాలినే అడిగి తీసుకో. మా సేటు గుమస్తా వచ్చే వారం జనగామకు వస్తాడు. అతని చేతిలో ఘనపూర్ పోలీసు అమీన్ సంతకం చేసిన కాగితం ఉంటుంది. దాన్ని దొరకు చూపించి తుపాకీ తూటాలూ అతనికి అప్పగించు. తూటాలు అమీన్ కచేరీలోనే ఉంటాయి. కావాల్సినప్పుడు లెక్కబెట్టి ఇస్తారు, కాల్చాక ఖాళీ డొప్పలు తిరిగి ఇవ్వాలి.

కాల్చేది ఎవరని అడిగావు. ఆ పేరు రాయలేను. నన్ను నమ్ము, అడగకు. అడిగినకొద్దీ నాకు అబద్ధం ఆడాల్సి వస్తుంది, నీతో అబద్ధం ఆడటం నాకు చేతకాదు.

అక్కడ నాకు తోడు ఉంది. గూడూరు దగ్గరి తండా నుంచి టీక్యా అని ఒకతను టేకు కొట్టే కూపు పనికి వస్తున్నాడు. చెట్టు కొట్టడంలో వాడికి ఎదురులేదు. అడవిలో అడుగులు చూసి ఏ జంతువు ఎప్పుడు పోయిందో చెప్తాడు. వాడి పెళ్లాం సక్రి మాత్రం మనలాంటిదే, అంటే నీలాంటిది. నోరు తెరిస్తే మేస్త్రీ అని కూడా చూడదు.

దునాలి బరువు ఎంతుంటుంది? చాలాసేపు ఎత్తి పట్టుకుంటే చేతులు వణుకుతాయా? ఊరికే అడుగుతున్నాను.

సమ్మయ్య


జనగామ
మార్చి

సమ్మయ్యకు,

గుమస్తా వచ్చాడు. కాగితం చూపించాడు. అది ఉర్దూలో ఉంది. దొర చదివి తల ఊపాడు, నాకేం అర్థమవుతుంది? దునాలి ఇచ్చాడు. నాలుగు రోజులు నా దగ్గర ఉంచుకుని, తుడిచి, గొట్టాల్లో వేడినీళ్లు పోసి కడిగి, నూనె రాసి, పాత చీర చుట్టి పంపాను. ఒంటి మీద మరక లేదు. చూస్తే నీకే తెలుస్తుంది.

ఒక మాట గుర్తుపెట్టుకో. ఎవరికి ఇస్తావో వాళ్లకూ చెప్పు. చేయి మారిన తుపాకి కొత్త తుపాకే. దాని మొదటి గుండు వట్టిగా పోకూడదు. రాయి మీదా, చెట్టు మీదా కాల్చి చూడకూడదు. అడవికి మొక్కి జంతువు మీదనే కాల్చాలి. మీ బావ ఒక్కసారి కూడా ఈ మాట దాటలేదు.

కొమురయ్య పెళ్లాం ఇక రావడం లేదు. నిన్న వాళ్ల వాకిట్లోకి అతని చొక్కా వచ్చింది. మనిషి రాలేదు.

నీ చేత్తో మాత్రం ఆ తుపాకి పట్టుకోకు. ఇవ్వాల్సినవాళ్లకు ఇచ్చేసి దూరంగా ఉండు. యాకమ్మను జాగ్రత్తగా చూసుకో. ఎండలు ముదిరాయి, అంబలి తాగండి.

కట్టమ్మ


భూపాలపల్లి, టేకు కూపు
ఏప్రిల్

అక్కా,

నీ మార్చి ఉత్తరం చదివి భయమేసింది. ఒక్క తిట్టు లేదు. నువ్వు తిట్టకపోతే నాకు అన్నం సయించదు. అందుకని ఇక దాచను. కోపం వస్తే రానియ్యి.

లైసెన్సు నా పేరు మీదనే ఉంది. పులికి మంచె కట్టి కూర్చునేది నేనే.

పేరు రాయలేనన్నది నా పేరే అక్కా. బావను బండిలో తెచ్చిననాటి నీ ముఖం నేను చూశాను. నేను పులి ముందు కూర్చుంటానని ఏ నోటితో చెప్పను? మూడు వందల గజాలు పోయేది ఉందా అని ఎందుకు అడిగానో తెలుసా? దగ్గరికి రాకముందే కొట్టొచ్చని. ఐదు తూటాలు చాలవా అంటే, నాలుగు తప్పినా ఒకటి తగులుతుందని. గోనెసంచి ఎందుకంటే, లైసెన్సు చూపించినా నాకాల దగ్గర గంటలకొద్దీ నిలబెట్టి అడుగుతున్నారు, తుపాకి కనపడితే చాలు ముందు చెంప మీద కొట్టి తర్వాత కాగితం చదువుతున్నారు. ఇవన్నీ పిరికితనం మాటలు. నువ్వు ఏమనుకున్నావో కానీ, ఉన్నది ఇంతే.

నేనే ఎందుకు ఎక్కాలంటే, నీళ్ల కావడికి వాగుకు పోయి తిరిగి రాని మనిషిని పంపింది నేను. వాడు భయమన్నాడు. "ఏ, పొద్దున పూట పులేందిరా, పో" అని నెట్టి పంపాను. మాకు దొరికింది కావడిబద్ద ఒక్కటే. అప్పటి నుంచి కూలీలు నా ముఖం వైపు చూడటం లేదు. సేటు తుపాకి కొంటానన్నప్పుడు ఎవరు కాలుస్తారని అడిగితే నా నోట్లోంచి నేనే అన్న మాట వచ్చింది.

తుపాకి బాగుంది. భుజానికి ఎత్తుకుని కళ్లు మూసుకుని తెరిచాను. మక్కీ నేరుగా నిలబడింది. నువ్వు నాకోసమే ఏరినట్టు ఉంది. టీక్యా దాన్ని రోజూ తన రుమాలుతో తుడుస్తున్నాడు. గొడ్డలి పట్టుకుని నా పక్కన మంచె మీద కూర్చుంటానన్నాడు. సక్రి నన్ను పిలిచి అందరి ముందూ కడిగేసింది. "మేస్త్రీ, నా మొగన్ని తీస్కపోతున్నవ్. ఎట్ల తీస్కపోతున్నవో గట్లనే తేవాలె. లేకుంటే నీ ఇంటి ముంగట కూసుంట, సచ్చేదాక లేవ" అంది. సరే అన్నాను.

ఒక గుండు కాల్చి చూద్దామనుకున్నాను. టీక్యా వద్దన్నాడు. "కొత్త బందూకు మొదటి గుండు వట్టిగ పోతే అడివి ముడుసుకుంటది, జంతువు కండ్లవడది" అన్నాడు. నీ ఉత్తరంలోనూ అదే ఉంది. మీ ఇద్దరి మాటా ఒకటే అయ్యేసరికి ఆగిపోయాను. అమీన్ కూడా లెక్కకు మించి తూటా ఇవ్వడు.

పులి భయానికి కూలీలతో పాటు నేనూ రాత్రిళ్లు ఘనపూర్ క్యాంపు గుడిసెల్లోనే ఉంటున్నాను. వాగు మలుపులో మద్దిచెట్టు మీద మంచె కట్టాం. కొమ్మ కాస్త కిందికే దొరికింది. అమావాస్య వెళ్లిన మర్నాడు పొద్దుగూకే ముందు దూడను కట్టి ఎక్కుతాం. భయంగానే ఉంది. కానీ నీ తుపాకి చేతిలో ఉందన్న ధైర్యం ఉంది. అయిపోయాక రాస్తాను.

సమ్మయ్య


జనగామ
ఏప్రిల్, అమావాస్యకు ముందు

సమ్మయ్యా,

మంచె ఎక్కకు. ఈ ఉత్తరం అందిన క్షణాన తుపాకి పక్కన పెట్టు. అది పేలదు.

ఘోడా పడినప్పుడు తూటా వెనక పొడిచే సూదులు రెండుంటాయి. వాటి మొనలు అరిగిపోయి ఉన్నాయి. తూటాను తాకవు. టక్‌మని చప్పుడు మాత్రం వస్తుంది. బయటికి చూస్తే ఏమీ తెలియదు. అరగదీసింది నేనే. సానరాయి మీద, నా చేత్తో. ఎందుకని అడగకు, ఉత్తరంలో రాయలేను. రాస్తే ఎవరు చదువుతారో, చదివి నిన్నేం చేస్తారో తెలియదు. నీకు ఎదురుగా చెప్తాను.

మొదటి గుండు మాట మీ బావది నిజమే. కానీ నేను రాసింది నువ్వు కాల్చి చూడకుండా ఉండాలని. అయ్యో తమ్మీ, నువ్వే ఎక్కుతావని నాకు తెలియదు. ఒక్క ముక్క ముందు రాసి ఉంటే ఏమయ్యేదిరా?

మీ బావ ఇలాంటి తుపాకికి వేరే సూదుల జత ఎప్పుడూ ఉంచేవాడు. అవి గడిలో ఆయన పెట్టెలో ఉండాలి. ఇప్పుడే పోయి దొర కాళ్లు పట్టుకునైనా తెస్తాను. రేపటి బండికి ఎక్కుతున్నాను. పోస్టు ముందు చేరుతుందో నేను ముందు చేరుతానో తెలియదు, అందుకని రెండూ చేస్తున్నాను. ఎవరు ఏమన్నా ఎక్కకు. పిరికివాడన్నా పడు. సేటు పని తీసేస్తే జనగామ రా, నేను వండి పెడతాను.

ఎక్కకు. ఎక్కకు సమ్మయ్యా.

అక్క


ఘనపూర్, క్యాంపు గేటు

సమ్మిగా,

నేను గేటు కాడ ఉన్న. పర్మిట్ లేదని లోపలికి పోనిస్తలేరు. ఈ జవానుది ఏ దేశమో, తెలుగు రాదు. చేతులు జోడిస్తే చిట్టీ తీస్కపోతనని సైగ చేసిండు. వానికి చదువరాదు గనుక అన్నీ రాస్తున్న.

బస్సు ములుగు కాడ్నే ఆపిన్రు. ఆడ్నుంచి బండి, బండి తర్వాత నడక. దారిల అందరు ఒక్కటే ముచ్చట చెప్తున్నరు. మంచె మీద తుపాకి పేలలేదట, పులి మంచె మీదికే దుంకిందట, మనిషి పోయిండట. ఎవరు పోయిన్రంటే ఒక్కడు పేరు చెప్తలేడు. కూపు మనిషి అంటున్నరు. ఒక ముసలాయన మేస్త్రీ అన్నడు. ఇంకొకాయన కాదన్నడు.

నేనేమనుకున్ననో చెప్త, విను. నువ్వు ఆ తుపాకి దళపోళ్లకు ఇస్తున్నవనుకున్న. పేరు రాయనన్నవు, దూరం కొట్టేది అడిగినవు, గోనెసంచి అన్నవు. అమీన్ కాగితం గూడ దొంగదే అనుకున్న. కొమురయ్యను తీస్కపోయిన తీరు కండ్ల ముంగట్నే ఉండె. తుపాకి పంపకుంటే నువ్వు వేరే కాడ కొంటవు. పంపితే ఎవనికో తగుల్తది, రేపు పోలీసోళ్లు యాడికెల్లి వచ్చిందని నీ దాక వస్తరు. పేలనిది పంపితే ఎవరికేం గాదు, వాళ్లే పనికిరాదని పారేస్తరనుకున్న. దళపోళ్ల మీద నాకు పగ లేదు. పోలీసోళ్ల మీద ప్రేమ లేదు. నువ్వు బతకాలె, అంతే అనుకున్న. పులి ఉన్నదన్న మాట నేను ఒక్కసారి గూడ నమ్మలేదు. పులికి మొగన్ని ఇచ్చినదాన్ని నేనే నమ్మలేదు.

మంచి సూదులు తెచ్చిన. కొంగున కట్టుకున్న.

నువ్వు ఉన్నవా? ఉంటే ఈ చిట్టీ వెనక ఏదన్న రాసి పంపు. తిట్టు రాసినా సరే. నీ రాత చూస్తే చాలు.

కట్టమ్మ


(ఆ చిట్టీ వెనుక)

అక్కా,

ఉన్న.

నీ ఉత్తరం నిన్న అందింది. విప్పి చదవాలెనని కచేరీల ఆపి, తెలుగు చదివెటోడు లేక విప్పకనే ఇచ్చిన్రు. మంచె ఎక్కింది మొన్న.

పొద్దుగూకంగ వచ్చింది. దూడ మీద పడ్డది. నేను ఎడమ మీట నొక్కిన, టక్ అన్నది. రెండోది నొక్కిన, టక్ అన్నది. ఆ చప్పుడుకు తల ఎత్తి సూసింది. మంచె కిందికే ఉండె గదా, ఒక్క దుంకుకు నా కాలు అందుకున్నది. టీక్యా గొడ్డలితోని దాని తల మీద కొట్టిండు. అది నన్ను ఇడిసి వాణ్ణి పట్టుకొని కిందికి పోయింది. నేను పైన్నే ఉన్న అక్కా. తుపాకి పట్టుకొని పైన్నే ఉన్న. మళ్ల మళ్ల నొక్కిన. వాడు ఒక్కసారి మేస్త్రీ అని పిలిచిండు. తర్వాత పిలువలేదు.

నా పిక్క చీరింది. దవాఖాన మనిషి కట్టు కట్టిండు. నడుస్త, కట్టె పట్టుకొని.

నీ మీద కోపం రావాలె. వస్తలేదు. నేను ఒక్క మాట నిజం రాసి ఉంటే నువ్వు అట్ల చెయ్యకపోదువు. నీకు భయమైతదని దాచిన. నువ్వు నాకోసం భయపడి చేసినవు. మన ఇద్దరి భయానికి వాడు పోయిండు. వాడు మనకేమైతడు చెప్పు? ఏం గాడు. నాతోని వస్తనని వచ్చిండు, అంతే.

సూదులు జవానుకు ఇయ్యకు, నీ దగ్గర్నే ఉంచు. నేను మళ్ల ఎక్కాలె. అది గాయం పడ్డది, ఇప్పుడు ఇంక ఎక్కువ మందిని పడ్తది.

ఇంకొకటి. సక్రి మా గుడిసె ముంగట్నే కూసున్నది. అన్నట్టే చేసింది. తిడ్తలేదు, ఏడుస్తలేదు, నా దిక్కు సూస్తలేదు. తుపాకి పాతది, దొర మోసం చేసిండని అందరు అంటున్నరు, ఆమె గూడ గదే అనుకుంటున్నది. జవాను చిట్టీ తెచ్చినప్పుడు ఎవరు వచ్చిన్రని అడిగింది. మా అక్క అన్న. లేసి నిలబడ్డది. "తుపాకి పంపిన అక్కనా? టీక్యా ఆమెను సూడకున్నా ఆమె పేరు చెప్పుకుంట తుడిచెటోడు, నేను గూడ వస్త" అంటున్నది.

నేను రెండు దినాల సంది ఆమెకు చెప్పాలెనని నోరు తెరుస్తున్న, వస్తలేదు. ఆమెను తీస్కరావాల్నా వద్దా? నువ్వు వద్దంటే తేను. దొర మోసమే అని ఊకుందాం, ఎవరికి తెల్వది. నువ్వే చెప్పు.

సమ్మయ్య


(వేరే కాగితం ముక్క, గేటు దగ్గర రాసింది)

తమ్మీ,

నీ రాత సూసిన. దేవునికి దండం పెట్టిన, పెట్టినంక సిగ్గనిపించింది.

తీస్కరా. నడువలేకుంటే నువ్వు ఆగు, ఆమెను ఒక్కదాన్నే పంపు. నేనే చెప్త, మొత్తం చెప్త. ఆమె కొడితే అడ్డం రాకు.

అక్క